వంద మంది ఒక్కొక్కరే ఎందుకొస్తారు?



కిందటి ఆదివారం టి.వి. హాల్లో "2.0" సినిమా వచ్చింది కదా. స్టేడియంలో సెల్‌ఫోన్లతో తయారైన పక్షి మనిషీ, తాటిచెట్టు కంటే పెద్ద చిట్టి రోబో కొట్టుకునే చోట సరిగ్గా కరెంటు పోయింది. అందరూ అయ్యో అని అరిచారు. ఆ చీకట్లో ఏడో తరగతి చెల్లి ఒకమ్మాయి నన్ను అడిగింది: "అక్కా, సినిమాలో రౌడీలు అంతమంది ఉంటారు గదా, అందరూ ఒకేసారి మీద పడితే హీరో ఏం చేస్తాడు?" నేను చెప్పలేకపోయాను. పదో తరగతి అక్కలు కూడా "సినిమా అంటే అంతే" అన్నారు. అంతే ఎందుకు? అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందులో కొంత మా మామ చెప్పినది, కొంత ఫిల్మ్‌నగర్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు చెప్పినది, కొంత కంప్యూటరు మాష్టారిని అడిగినది, మిగతాది టి.వి. ముందు కూర్చుని నేను చూసినది.

ముందు మా మామ సంగతి. మారేడుమిల్లి అడవిలో సినిమా షూటింగులు జరుగుతాయని మీకు తెలుసు. 2021లో వచ్చిన పుష్ప కూడా అక్కడ తీశారు. మామ వేరే ఒక షూటింగులో పది రోజులు సామాను మోసే కూలికి వెళ్ళాడు. ఏ సినిమానో పేరు మామకి తెలీదు, అడగలేదు, కూలి అడిగాడంతే. అక్కడ ఫైటింగు తీయడం దగ్గరగా చూశాడు. ఫైట్ మాస్టరు ఒక్కొక్క ఫైటరుకి ఒక నంబరు ఇస్తాడట. వన్ అంటే వన్ నంబరువాడు కత్తి ఎత్తాలి, టూ అంటే హీరో వంగాలి, త్రీ అంటే వన్ నంబరువాడు ఎగిరి పడాలి. అప్పుడు టూ నంబరువాడు వస్తాడు. ముందు నిదానంగా, మనం ఆగస్టు పదిహేనుకి డాన్సు నేర్చుకుంటామే, అలా చేస్తారు. తర్వాత జోరుగా చేస్తారు. ఇద్దరు ఒకేసారి వస్తే లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే అబద్ధం దెబ్బ నిజం దెబ్బ అవుతుంది, పళ్ళు ఊడతాయి. అందుకని ఒక్కొక్కరే వస్తారు. మరి వెనకాల ఉన్నవాళ్ళు అంతసేపూ ఏం చేస్తారు? ఈసారి సినిమా వస్తే హీరోని చూడకుండా వాళ్ళని చూడండి. ముందుకి ఒక అడుగు, వెనక్కి ఒక అడుగు వేస్తూ కత్తి ఊపుతూ కోపంగా చూస్తూ ఉంటారు. మామ దాన్ని చిందు అన్నాడు. నేను చూశాను, నిజంగా చిందే.

పడేవాళ్ళ కింద ఖాళీ అట్టపెట్టెలు పేర్చి, పైన పరుపులు వేస్తారు. గాల్లో ఎగరడానికి నడుముకి తాడు కడతారు, ఆ తాడుని తర్వాత కంప్యూటరులో చెరిపేస్తారు. ఇంత చేసినా ఆ పది రోజుల్లో ఒకబ్బాయి పెట్టెల మీద కాకుండా పక్కన పడ్డాడట. జీపులో తీసుకెళ్ళారు. మధ్యాహ్నం భోజనాలు అయ్యాక అదే చొక్కా వేసుకుని ఇంకో అబ్బాయి వచ్చి అదే చోట నిలబడ్డాడు. సినిమాలో చూస్తే ఇద్దరూ ఒక్కడే. మామ ఈ మాట రెండు మూడు సార్లు చెప్పాడు, నవ్వుతూ కాదు.

ఇప్పుడు మళ్ళీ మళ్ళీ వచ్చే సంగతులు చెప్తాను. అన్నీ చెప్పాలంటే ఈ చార్టు చాలదు.

సుమోలు లేవడం. 1999లో బి. గోపాల్ గారు సమరసింహారెడ్డి తీశారు, 2001లో నరసింహనాయుడు. రెండిట్లో బాలకృష్ణ హీరో. అవి బాగా ఆడినందువల్ల సీమ పగల సినిమాలు వరసగా వచ్చాయి. ఆదివారం టి.వి.లో అవి ఇంకా వేస్తున్నారు. రౌడీలు ఎప్పుడూ తెల్ల సుమోల్లో దుమ్ము లేపుకుంటూ వరసగా వస్తారు. తర్వాత ఆ సుమోలు గాల్లోకి లేస్తాయి. వి.వి. వినాయక్ గారి సినిమాల్లో అయితే సుమోలు లేవాల్సిందే. బండి కింద పెద్ద గొట్టం పెట్టి, గ్యాసు ఒత్తిడితో ఒక దిమ్మని నేలకేసి తన్నిస్తే బండి పల్టీ కొడుతుంది. లేకపోతే క్రేనుకి కట్టి లాగుతారు. దీని మీద ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు, బండి లేస్తుంది, పడుతుంది.

విలన్ మాట్లాడటం. తుపాకీ చేతిలో ఉంటుంది, హీరో ఎదురుగా ఉంటాడు, కాల్చడు. తన తాత ముత్తాతల గొప్పలు చెప్తాడు. ఆ లోపు హీరోకి అమ్మ గుర్తొచ్చి బలం వస్తుంది. మా నాన్న అడవిపందికి ఇంత టైము ఇవ్వడు.

అన్నిటికన్నా పెద్ద వింత 2003లో పల్నాటి బ్రహ్మనాయుడు సినిమాలో ఉంది. హీరో తొడ కొడితే రైలు వెనక్కి పోతుంది. జనం నవ్వారు, ఇప్పటికీ నవ్వుతున్నారు, ఆ సినిమా ఆడలేదు. నేనూ నవ్వాను. కాని తర్వాత ఆలోచించాను. 2012లో రాజమౌళి గారి "ఈగ"లో ఒక ఈగ మనిషిని చంపేస్తుంది. రైలు వెనక్కి పోవడం అబద్ధమైతే అది ఇంకా పెద్ద అబద్ధం. దానికెందుకు నవ్వలేదు, పైగా ఏడ్చాం? నాకు తోచినది ఏమనగా, ఈగ సినిమాలో ముందే లెక్క చెప్తారు. ఈగ చిన్నది. చేత్తో కొడితే చస్తుంది. గాలి వస్తే కొట్టుకుపోతుంది. కనుక అది చెవిలో రొద పెట్టి నిద్ర చెడగొట్టడం, బండి తోలేవాడి కంటికి అడ్డం రావడం లాంటి ఈగ పనులే చేసి గెలుస్తుంది. పిల్ల దానికి సూదిని ఆయుధంగా ఇస్తుంది, పెద్ద కత్తి ఇవ్వదు. తొడకి, రైలుకి అలాంటి లెక్క ఏదీ చెప్పలేదు. 2009లో మగధీరలో కూడా ముందే వంద మంది అని చెప్పేస్తారు. ఒక్కొక్కడు పడుతుంటే మనం లోపల ఎంచుకుంటూ ఉంటాం. ఎంచుకుంటున్నాం కాబట్టి నమ్ముతాం. లెక్క ముందు చెప్తే ఎంత అబద్ధమైనా జనం ఒప్పుకుంటారు, ఇది నా అభిప్రాయం. తెలుగు మాష్టారు కాదంటే వాదిస్తాను.

కిందటి దసరా సెలవులకి అన్న నన్ను హైదరాబాదు తీసుకెళ్ళాడు. అన్న ఫిల్మ్‌నగర్‌లో సినిమాకి శబ్దాలు కలిపే ఒక చోట వాచ్‌మన్. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర దిగి ఆటోలో వెళ్ళాం. రోబోలు కాదు గాని కనీసం ఒక హీరో అయినా కనిపిస్తాడనుకున్నాను. పెద్ద పెద్ద గేట్లు కనిపించాయి. బండరాళ్ళ మధ్యలో, బండల మీద కట్టిన మేడలు. రామానాయుడు స్టూడియో గేటు చూశాను, పద్మాలయా వాళ్ళ స్టూడియో కూడా ఫిల్మ్‌నగర్‌లోదే అని అన్న చెప్పాడు. మన చింతపల్లి అడవుల్లో తీసిన అల్లూరి సీతారామరాజు (1974) వాళ్ళదే, కృష్ణ గారి నూరో సినిమా. మేడల పక్కనే బస్తీ ఉంది. అన్న ఉండేది అందులోనే, రేకుల గది. నీళ్ళ కోసం పొద్దున్నే బిందెలు వరస పెడతారు, అచ్చం మన హాస్టల్ లాగా.

ఒక సాయంత్రం అన్న నన్ను లోపలికి తీసుకెళ్ళి తలుపు సందులోంచి చూడనిచ్చాడు. తెర మీద చప్పుడు లేకుండా ఫైటింగు నడుస్తోంది. ఒకాయన తెర చూస్తూ మునక్కాడ విరిచాడు. తెర మీద చెయ్యి విరిగింది. ఇంకొకాయన తడి గోనె మీద గుద్దాడు, తెర మీద కడుపులో దెబ్బ తగిలింది. నాకు నవ్వు ఆగలేదు, అన్న నోరు మూశాడు. బయటికొచ్చాక ఇంకో మాట చెప్పాడు. హీరో అరిస్తే హీరో గారే వచ్చి మళ్ళీ అరవాలి. రౌడీలు అరిచే అరుపులు మాత్రం నలుగురైదుగురు నిలబడి వంద మందికీ అరిచేస్తారు. ఒక్కొక్కడికీ ఒక్కొక్క గొంతు అక్కర్లేదు.

మామ చెప్పిన చొక్కా, అన్న చెప్పిన గొంతు, ఈ రెండూ కలిపి చూస్తే చెల్లి అడిగిన ప్రశ్నకి ఇంకో జవాబు వచ్చింది. అది చివర రాస్తాను.

ఇక రోబోల విషయం. 2010లో శంకర్ గారు తమిళంలో తీసిన సినిమా తెలుగులో "రోబో"గా వచ్చింది. దానికి తర్వాతి భాగమే మనం చూసిన 2.0, అది 2018లో వచ్చింది. 2024లో మన నాగ్ అశ్విన్ గారి "కల్కి 2898 ఏడీ" వచ్చింది. అందులో బుజ్జి అని మాట్లాడే బండి ఉంది. ఆ బండిని మహీంద్రా వాళ్ళు, కోయంబత్తూరు కంపెనీ ఒకటి కలిసి నిజంగానే తయారు చేశారు. బరువు సుమారు 6 టన్నులు. దాని గొంతు కీర్తి సురేష్‌ది. ఒక సంగతి గమనించారా? ఇంత పెద్ద యంత్రాలకి పేర్లేమిటి? చిట్టి, బుజ్జి. మన ఇళ్ళలో పాలు తాగే పిల్లల్ని పిలిచే పేర్లు. భయపెట్టే ఇనుముకి ముద్దుపేరు పెడితే మనకి భయం పోయి ప్రేమ వస్తుంది. ఎదటివాళ్ళ యంత్రాలకి ఎవరూ బుజ్జి అని పేరు పెట్టరు. వాళ్ళకి పేరే ఉండదు. కల్కిలో కాంప్లెక్స్ తరఫున కాల్చేవాళ్ళకి మొహం కూడా కనబడదు, ముసుగు ఉంటుంది. మొహం లేనివాడు పడితే ఎవరికీ జాలి వేయదు.

ఇది మనవాళ్ళే చేసేది కాదు. కంప్యూటరు మాష్టారిని అడిగితే జపాను సంగతి చెప్పారు. మనిషి లోపల కూర్చుని నడిపే పెద్ద రోబో కథ వాళ్ళకి 1972లోనే మజింగర్ జెడ్ అని వచ్చిందట. ఎర్త్ డిఫెన్స్ ఫోర్స్ అనే వీడియో గేములు 2003 నుండి వస్తున్నాయి. వాటిలో ఇళ్ళంత చీమలు, సాలెపురుగులు, పెద్ద రోబోలు ఊరి మీద పడతాయి, మనం తుపాకీతో కాలుస్తూ పోవాలి. మాష్టారు ఫోనులో కొంచెం వీడియో చూపించారు. చీమల్ని కాల్చబోతే మేడలు కూలాయి. నేను అడిగాను, సార్, ఆ మేడల్లో జనం లేరా అని. మాష్టారు నవ్వి, ఆటలో అది అడగకూడదమ్మా అన్నారు. 2.0లో కూడా ఆ స్టేడియం తెల్లారి ఎవరు ఊడుస్తారో చూపించరు. మన డైనింగు హాల్లో ఒక గ్లాసు కింద పడితే ఎవరు పడేశారని లైన్లో నిలబెడతారు.

రోబోలకి ఇంకొక రూలు ఉంది. పని అయిపోయాక తీసేస్తారు. రోబో సినిమా చివర చిట్టి తన చేతులు తానే ఊడదీసుకుని ముక్కలవుతుంది, మ్యూజియంలో పెడతారు. తర్వాత మళ్ళీ ఆపద వస్తే 2.0లో బిగించి తెస్తారు. ఇది చూసినప్పుడు నాకు ఎక్కడో చూసినట్టు ఉంది అనిపించింది. తర్వాత గుర్తొచ్చింది. ఘటోత్కచుడు!

1957లో వచ్చిన మాయాబజారు మనం చాలాసార్లు చూశాం. ఎస్.వి. రంగారావు గారు నవ్వితే హాలు అదిరిపోతుంది. ఆయన హిడింబి కొడుకు, అడవివాడు. కావాలంటే చిన్నవాడవుతాడు, కావాలంటే పెద్దవాడవుతాడు. నిద్రపోతున్న శశిరేఖని పరుపుతో సహా ఎత్తుకొస్తాడు. చిట్టి, బుజ్జి రాకముందు మన సినిమాల్లో ఆ పనంతా ఆయనే చేశాడు. మాయాబజారులో కథ పెళ్ళితో అయిపోతుంది కాబట్టి మనం సంతోషంగా లేచి వెళ్ళిపోతాం. భారతంలో తర్వాతది తెలుగు మాష్టారు చెప్పారు. రాత్రి యుద్ధానికి ఘటోత్కచుణ్ణి పంపుతారు. కర్ణుడు అర్జునుడి కోసం దాచుకున్న శక్తి ఆయుధం ఇతని మీద వేసేస్తాడు. ఇతను చనిపోతూ కూడా ఒళ్ళు పెంచి కౌరవుల సైన్యం మీద పడతాడు. పాండవులు ఏడ్చారు, కృష్ణుడు మాత్రం సంతోషించాడు, అర్జునుడు బతికాడని. మాష్టారు ఆ పాఠం చెప్పిన రోజు నాకు అన్నం తినబుద్ధి కాలేదు. మా పక్క మంచం అమ్మాయి "కథే కదా" అంది. కథే.

ఇప్పుడు కాలకేయుల గురించి రాయాలి. 2015లో వచ్చిన బాహుబలి మొదటి భాగంలో యుద్ధానికి వచ్చేవాళ్ళు. కాలకేయులన్న పేరు భారతంలోనిదే, అక్కడ వాళ్ళు దానవులు, అర్జునుడు చంపుతాడు. సినిమాలో వాళ్ళని దట్టమైన నల్లరంగు పూసి, పళ్ళు పాడు చేసి, జుట్టు పిచ్చిగా పెట్టి చూపించారు. వాళ్ళ రాజుగా ప్రభాకర్ గారు బాగా చేశారు, నేను నిజంగా భయపడ్డాను. వాళ్ళకి ఒక భాష కూడా కావాలని తమిళ రచయిత మదన్ కార్కి గారు కిలికి అనే భాష తయారు చేశారు. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు ఉన్నాయట. అంత కష్టపడి పని చేసినందుకు మెచ్చుకోవాలి. నాకు బాధ ఎక్కడంటే, మేము ఇంట్లో నీళ్ళని "ఏరు" అంటాం. తెలుగులో ఏరు అంటే పారేది, మాకు కుండలో ఉన్నదీ ఏరే. ఒకటో తరగతిలో నేను ఏరు కావాలని అడిగితే టీచరుకి అర్థం కాలేదు, ఏటికి వెళ్తానంటున్నానని కూర్చోబెట్టారు. మా కోయ భాషకి ఎన్ని వేల మాటలు ఉన్నాయో. సినిమాలో అడవివాళ్ళు మాట్లాడాలంటే మాత్రం కొత్త భాష తయారు చేస్తారు, లేకపోతే ఊరికే అరిపిస్తారు.

ఇది చిన్న సంగతి అనుకునేదాన్ని. రెండేళ్ళ కింద ఆటల పోటీలకి వెళ్ళినప్పుడు, ఖోఖోలో మేము గెలిచాక, వేరే బడి పిల్లలు కొందరు "కాలకేయులు, కాలకేయులు" అని నాలుక బయటపెట్టి అరిచారు. మనవాళ్ళు కొందరు నవ్వేశారు. నేనూ నవ్వాను, ఏం చేయాలో తెలీక. బస్సులో ఎవరూ మాట్లాడలేదు. కప్పు మాత్రం నా ఒళ్ళోనే ఉంది.

అంతా చెడ్డే అని నేను అనను. 2022లో అదే రాజమౌళి గారు ఆర్.ఆర్.ఆర్. తీశారు. కథ మొత్తం గోండు పిల్ల మల్లి కోసం నడుస్తుంది. 2023లో "నాటు నాటు"కి ఆస్కార్ వచ్చిన రోజు మనమూ మెట్ల మీద గెంతాం, మేడమ్ గారు కూడా చప్పట్లు కొట్టారు. కొమురం భీం జంతువులతో సహా లారీలోంచి దూకే చోటు ఎంత అబద్ధమైనా నేను లేచి ఈల వేశాను. కాని చివర్లో నీకేం కావాలి అంటే భీం చదువు కావాలని సీతారామరాజుని అడుగుతాడు. అక్కడ నాకు రెండు రకాలుగా అనిపించింది. మా ఇంట్లో మొదట బడికి వచ్చింది నేనే, చదువు కావాలని అడగడం ఏమిటో నాకు తెలుసు, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఇంకో పక్క, నిజం భీం, నిజం సీతారామరాజు ఎప్పుడూ కలవలేదు. సీతారామరాజుని 1924లో చంపారు, భీం 1940లో జోడేఘాట్‌లో నైజాం పోలీసులతో పోరాడి చనిపోయాడు. ఆయన జీవిత కథల్లో ఆయన చదవడం రాయడం ముందే నేర్చుకున్నాడని ఉంది. లెక్క ముందు చెప్తే ఒప్పుకుంటాం అన్నాను కదా, ఇది కల్పన అని ఆ సినిమావాళ్ళు ముందే చెప్పారు. అయినా నాకు ఆ ఒక్కటి ఒప్పుకోబుద్ధి కాలేదు.

చెల్లికి రెండో జవాబు ఇది. వంద మంది ఒకేసారి వస్తే వాళ్ళు వంద మంది మనుషులుగా కనిపిస్తారు, ఒకడు పడితే ఇంకొకడు పట్టుకుంటాడు, ఎవరో ఒకరు ఏడుస్తారు. ఒక్కొక్కడే వస్తే, వాడు పడగానే కెమెరా పక్కకి తిరిగిపోతుంది. వాడికి చొక్కా చాలు.

వార్షికోత్సవానికి మన క్లాసు వాళ్ళు బాహుబలి యుద్ధం స్కిట్టు వేస్తామన్నారు. కాలకేయ రాజు వేషం ఎవరు అంటే అందరూ నన్నే చూశారు, ఎందుకో మీకు తెలుసు. మొదట వద్దన్నాను. రాత్రంతా ఆలోచించి పొద్దున్నే వెళ్ళి వేస్తానన్నాను, కాని మసి పూసుకోను, భాష నా ఇష్టం అన్నాను. క్లాస్ టీచరు సరే అన్నారు. నిన్న రిహార్సల్లో ఖడ్గం ఎత్తి గట్టిగా కోయలో డైలాగు చెప్పాను. బాహుబలి వేసిన అమ్మాయి కొండరెడ్డి, తనకి సగమే అర్థమై బిత్తరపోయి నిలబడిపోయింది. ముందు వరసలో కూర్చున్న కోయ చెల్లెళ్ళు పడీ పడీ నవ్వారు. మేడమ్ గారు ఏమందే, ఏమందే అని అడిగితే ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను: "తొందరగా కొట్టండి, అన్నం చల్లారిపోతోంది, ఈ రోజు గుడ్డు ఉంది."

నా వెనక సైన్యం పదకొండు మంది. అందరం ఒకేసారి మీద పడదామనుకుంటున్నాం. బాహుబలికి ఇంకా చెప్పలేదు.